స్వహస్తాలతో

పళ్ళావిడకి కోపం రావడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. రాలేదని కాదు. ముప్ఫై మూడేళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని పనిచేసిన మనిషి, వచ్చిన కోపం ఆ గుడ్డ వెనకే వచ్చి ఆ గుడ్డ వెనకే పోయేది. ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసేది, అందుకే ఆ పేరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పేరు విని, సంచీ పట్టుకొచ్చి డజను ఎంత అని అడిగిన రోజులున్నాయి. "డజను సరిపోవండీ, నోటికి ముప్ఫై రెండు కావాలి" అని నవ్వి పంపేసేది. అలా నవ్వే మనిషి ఒక గురువారం పొద్దున కూర్చుని, తను ప్రాణం పెట్టి చేసిన ముప్ఫై ఆరు మొహాలు తుడిచిపెట్టింది. ఎందుకు చేసిందో చెప్తాను. విన్నాక అయ్యో అంటారో, బాగా చేసింది అంటారో మీ ఇష్టం. నేను మాత్రం ఆవిడ పక్షమే.

ముందు ల్యాబు సంగతి చెప్పాలి. పళ్ళ డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపుతాడు. దాంతోపాటు ఒక చీటీ వస్తుంది. వయసు, ఆడో మగో, పక్క పన్నుది ఏ రంగు నంబరో, అంతే. మనిషి కనపడడు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసుకుని, ఎదురుగా పెట్టుకుని, పింగాణీ పొడి తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి, పక్క పన్ను చూసి సొంత తమ్ముడే అనుకునేలాంటి పన్ను చెయ్యాలి. అది వెళ్ళి ఎవరి నోట్లోనో కూర్చుంటుంది. ఆ మనిషి అద్దంలో చూసుకుని "అబ్బ, ఎంత బాగా చేశారండీ డాక్టరుగారూ" అంటాడు. డాక్టరుగారు తల పంకించి ఊరుకుంటాడు. ముప్ఫై మూడేళ్ళలో ఒక్క డాక్టరైనా "చేసింది నేను కాదండీ" అన్నట్టు ఆవిడ చెవిన పడలేదు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత తర్వాత, పనంటే ఇంతే కాబోలు అని సర్దుకుపోయింది. ఈ సర్దుకుపోవడం అనే జబ్బు ఒకసారి పట్టుకుంటే, ఆఫీసులో చెప్పుల దగ్గర వదిలిపెట్టి రావడానికి కుదరదు. ఇంటిదాకా వస్తుంది.

ఇంట్లో ఉన్నది ఆవిడ మొగుడు, భూములు కొలిచే సర్వేయరు. మంచివాడే. తాగడు, తిట్టడు, ఉప్పు తక్కువైందని కంచం తొయ్యడు. ఇరవై ఆరేళ్ళ కిందట ఆయనకి ఒక పిచ్చి పట్టింది. ఊళ్ళో కొందరు మగాళ్ళు క్లబ్బు పెట్టుకుని, పెద్ద బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, అట్టముక్కలతో ఇళ్ళూ స్పాంజి ముక్కలతో చెట్లూ నిలబెట్టి, నెపోలియన్ కాలం నాటి యుద్ధాలు బొమ్మ సైనికులతో మళ్ళీ ఆడేవారు. ఏ దళం ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు. ఎంతమంది చచ్చారో పాచికలు వేసి తేలుస్తారు. టేపు అనేసరికి సర్వేయరుకి ప్రాణం లేచొచ్చింది. వారమంతా పొలాలు కొలిచింది చాలక, ఆదివారాలు ఆస్ట్రియా వాళ్ళ నేల కొలవడం మొదలుపెట్టాడు. అర అంగుళం తేడా వస్తే గంటసేపు వాదించగలడు. క్లబ్బులో ఆయన్ని జనరల్ గారూ అంటారు. ఆ పిలుపు పడ్డ రోజు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చునే తీరే వేరుగా ఉండేది.

ఆ బొమ్మలు సీసంతో పోసినవి. చిటికెన వేలిలో సగం ఉంటాయి. రంగు లేకుండానే వస్తాయి, తెచ్చుకున్నవాళ్ళే వేసుకోవాలి. సర్వేయరు మొదటి మూడింటికీ తనే వేశాడు. ఒకడి మీసం చెవి దాకా పాకింది. ఒకడి కన్ను ముక్కు మీద కూర్చుంది. మూడోవాడు నీలం బకెట్లో పడి లేచినట్టున్నాడు. వంటింటి గుమ్మంలోంచి చూసి చూసి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇటివ్వండి" అంది ఆవిడ. అన్నది ఒక్క మాటే. దాన్ని ఇరవై ఆరేళ్ళు చేసింది.

ఆ చేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల. బొమ్మని ఖాళీ మందుసీసా మూత మీద బంకతో నిలబెట్టి, ఒళ్ళంతా నల్లరంగు పట్టించి, అది ఆరాక మొదలుపెట్టేది. బడికి పంపే పిల్లాడికి బట్టలు తొడిగే వరస లాంటిదే. ముందు ఒళ్ళు, తర్వాత చొక్కా, లాగు, కోటు, కోటు మీద బెల్టులు, వీపున మూట, ఆఖర్న తుపాకీ. వరస తప్పితే కుంచె తగిలి అంతకుముందు వేసింది పాడవుతుంది. ఏ రెజిమెంటుకి కాలరు ఏ రంగు, ఏ కంపెనీకి టోపీ కుచ్చు ఏ రంగు, అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. ఆయన పుస్తకాలు తెచ్చి పడేసేవాడు, ఆవిడ బట్టీ పట్టేసేది.

అన్నిటికన్నా కష్టం తెలుపు. పళ్ళు చేసేవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, తెల్లటి పన్ను అనేది లోకంలో లేదని. చిగురు దగ్గర పసుపు, మధ్యలో బూడిద, కొసన గాజు. సైనికుడి ఛాతీ మీద అడ్డంగా పడే తెల్ల బెల్టులూ అంతే. ముందు మట్టిరంగు, దాని మీద బూడిదరంగు, ఆ మీద మీగడరంగు. అసలు తెలుపు అంచున వెంట్రుకవాసి గీత మాత్రమే. అప్పుడే అది తోలు బెల్టులా కనిపిస్తుంది. నేరుగా తెలుపు పూస్తే సున్నం కొట్టిన గోడ తయారవుతుంది.

ఇలా ఆవిడ చేతిలోంచి వెళ్ళినవాళ్ళు రెండువేలకి ముప్ఫై తక్కువ. వాళ్ళలో ఆఖరివాళ్ళు, ఉద్యోగం అయిపోయాక చేసినవాళ్ళు, ఆ ముప్ఫై ఆరుగురు. నెపోలియన్ని కనిపెట్టుకుని ఉండే ఏరికోరిన సైనికులు, పాత గార్డు దళం అంటారు. ఎత్తైన ఎలుగుబంటి తోలు టోపీలు, ఎర్ర కుచ్చులు, గుబురు మీసాలు, చెవులకి బంగారు పోగులు. పద్నాలుగు నెలలు పట్టింది. అంత పట్టింది మొహాల వల్ల. ల్యాబులో ఆవిడ వేల దవడలు చూసింది గానీ మనుషుల్ని చూడలేదు కదా. కొన్ని దవడలు గుర్తుండిపోయాయి. ఒకటి నలభై ఆరేళ్ళ మగమనిషిది, ముందు పళ్ళ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు. ఒకటి నిద్రలో పళ్ళు కొరికి కొరికి అరగదీసుకున్న పడుచు పిల్లది. ఒకటి అరవై దాటినా ఒక్క పన్ను తప్ప అన్నీ రాయిలా ఉన్న ముసలాయనది. ఈ దవడకి ఎలాంటి మొహం ఉండి ఉంటుందో అని ఊహించి, ఒక్కో గార్డుకి ఒక్కో మొహం ఇచ్చింది. ఆడవాళ్ళకి కూడా మీసాలు పెట్టాల్సి వచ్చింది, తప్పదు మరి. ముప్ఫై మూడేళ్ళు ఎవరి కోసం పనిచేసిందో వాళ్ళని అలా మొదటిసారి కళ్ళారా చూసుకుంది. ఈ సంగతి మొగుడికి చెప్పింది కూడా. ఆయన ఊఁ కొట్టి, "టోపీలు బాగా కుదిరాయి" అన్నాడు.

ఊరి లైబ్రరీలో అద్దాల బీరువా ఒకటి పెట్టి, ఈ సైన్యమంతా అందులో శాశ్వతంగా ఉంచుతామని క్లబ్బువాళ్ళు అన్నప్పుడు ఆవిడ నిజంగానే సంబరపడింది. పోనీలే, దారిన పోయేవాళ్ళు కూడా చూస్తారు అనుకుంది. నేను చెప్పిన గురువారం దాటిన ఆదివారమే బీరువా తెరవడం.

బుధవారం మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. సర్వేయరు చెల్లెలు. నేమ్‌ప్లేట్లు చెక్కే దుకాణంలో పని ఆవిడకి. ఇత్తడి పలకల మీద లాయర్ల పేర్లూ డాక్టర్ల పేర్లూ చెక్కుతుంది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే ఒక కాగితం చాపింది.

"వదినా, అన్నయ్య ఇది నీకు చూపించాడా?"

"ఏంటది?"

"బీరువా కింద పెట్టే పలక. నిన్న ఆర్డరిచ్చి వెళ్ళాడు. చదువు."

కాగితం మీద ఇలా ఉంది: "ఇరవై ఆరేళ్ళ పాటు స్వహస్తాలతో రంగులద్ది, ఈ సైన్యాన్ని తీర్చిదిద్ది, ఊరికి సమర్పించినవారు." కింద సర్వేయరు పేరు. పేరు వెనక ఆయన చదువు, చదువు వెనక ఆయన ఉద్యోగం.

ఆవిడ రెండుసార్లు చదివింది. రెండుసార్లూ స్వహస్తాల దగ్గర ఆగిపోయింది.

"ఇంకోటి కూడా చెప్తాను, నీకు తెలుసో తెలీదో" అంది ఆడపడుచు. "క్లబ్బులో నెలకి రెండు శనివారాలు అన్నయ్య రంగులు వెయ్యడం నేర్పుతున్నాడట. మా దుకాణానికొచ్చిన ఒకాయన, మీ అన్నగారు మా గురువుగారండీ అని ఒకటే పొగడ్త. నాకు ఎటు చూడాలో తెలీలేదు."

శనివారాలు ఆయన ఆటకి వెళ్తున్నాడనుకుంది ఆవిడ. చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపించేది. అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

"చెక్కేది నేనే వదినా. ఏం చెక్కమంటావో నువ్వు చెప్పు. అన్నయ్య సంగతి నేను చూసుకుంటాను."

"ఏమీ చెక్కకు."

"ఉత్త పలకే పంపనా?"

"ఉత్తదే పంపు."

సాయంత్రం సర్వేయరు చెప్పులు విప్పుతుండగానే ఆవిడ కాగితం తెచ్చి మొహం ముందు పెట్టింది. ఆయన చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఎవరో భలే వేశారండీ అన్నారు. కాదు అనేలోపు ఆట మొదలైపోయింది. ఆ తర్వాత అంతా వాళ్ళే అనుకున్నారు."

"ఇరవై ఆరేళ్ళలో ఆటకి ఒక్క విరామం కూడా రాలేదా?"

"అది కాదు..."

"క్లాసులు కూడా వాళ్ళే అనుకున్నారా?"

ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. ఫ్యాను ఏం చెప్తుంది, పాపం.

"సరే, ఒకటి చెప్పండి. తెల్ల బెల్టుకి ముందు ఏ రంగు వెయ్యమని నేర్పుతున్నారు?"

"తెలుపే. తెల్ల బెల్టుకి తెలుపు కాక ఇంకేం వేస్తారు?"

ఆవిడకి నవ్వొచ్చింది. ఒళ్ళు మండినప్పుడు వచ్చే నవ్వు. కిటికీ పక్కన ఆ బల్ల, నాలుగడుగుల దూరంలో ఆయన పేపరు చదువుకునే కుర్చీ. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా లేచి వచ్చి, ఆవిడ భుజం మీంచి తొంగిచూసి ఉంటే ఆ మాట అనడు. తన పని కాజేశాడన్న దానికన్నా, కాజేసిన పని ఎలా ఉంటుందో కూడా చూడలేదన్నది ఆవిడని ఎక్కువ కాల్చింది. దొంగ కూడా వస్తువు వైపు ఒకసారి చూసి ఎత్తుకుపోతాడు కదండీ!

"పేరు మార్పించండి" అంది.

"ఇప్పుడెలా కుదురుతుంది? కార్డులు పంచేశారు. కార్యదర్శి ఉపన్యాసం రాసేసుకున్నాడు. అంతమందిలో నా పరువేం కావాలి?" అని, ఆ మాటతో ఊరుకోకుండా బుజ్జగింపుకి దిగాడు. "అయినా నీదీ నాదీ ఇంటిపేరు ఒకటేగా. పలక మీద ఉన్నది మనిద్దరి పేరే అనుకో."

అనుకోవాలట. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ అనుకుంటూనే ఉంది. ఆవిడ ఇంకో మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకి అలవాటే గనక, గండం గడిచిందనుకుని ఆయన హాయిగా భోంచేసి పడుకున్నాడు.

గురువారం పొద్దున సర్వేయరు మిగతా పెట్టెలన్నీ బండిలో పెట్టించుకుని లైబ్రరీకి వెళ్ళాడు. గార్డు దళాన్ని మాత్రం ఆఖరికి, ముందు వరసలో, తనే నిలబెట్టాలని ఇంట్లో ఉంచాడు.

వేసిన రంగు చెడితే ఊడదియ్యడానికి స్పిరిటు వాడతారు. రెండు గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సీసం దాకా వచ్చేస్తుంది. ఆవిడ కిటికీలు తెరిచి, వెడల్పాటి డబ్బాలో స్పిరిటు పోసి, ముప్ఫై ఆరుగుర్నీ అందులో పడుకోబెట్టి మూత పెట్టింది. పెట్టాక వెళ్ళి బట్టలన్నీ ఉతికి ఆరేసింది. వచ్చి మూత తీసేసరికి స్పిరిటు నీలంగా తిరిగింది.

ఒక్కొక్కణ్ణి తీసి రుద్దడం మొదలుపెట్టింది. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, దానికి చెయ్యి ఆగదు. మొగుడి మీద కోపం, తల పంకించిన డాక్టర్లందరి మీదా కోపం, అడక్కుండానే ఇటివ్వండి అన్న తన మీద ఇంకా కోపం. సందు పళ్ళాయన పోయాడు. రాయిలాంటి పళ్ళ ముసలాయన పోయాడు. నిద్రలో పళ్ళు కొరికిన పిల్ల దగ్గర మాత్రం బ్రష్ ఆగింది. ఆ మొహానికి కనుబొమల మధ్య చిన్న మడత వెయ్యడానికే ఆవిడకి నాలుగు రోజులు పట్టింది. ఈ ఒక్కదాన్ని దాచేద్దామా అనుకుంది. దాస్తే ఎక్కడ దాస్తుంది? ఎప్పటికైనా ఆయన కంటపడి, ఆ బీరువాలో ఆయన పేరు కింద నిలబడాల్సిందే. కళ్ళు గట్టిగా మూసుకుని రుద్దేసింది.

మధ్యాహ్నం సర్వేయరు వచ్చేసరికి బల్ల మీద పాతగుడ్డ పరిచి, దాని మీద ముప్ఫై ఆరుగురు బోడి సీసపు మనుషులు ఆరుతున్నారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. నోటెంట వచ్చిన మొదటి మాట ఇదీ:

"ఆదివారం లోపల మళ్ళీ వెయ్యగలవా?"

విన్నారా? ఎందుకు చేశావని కాదు, తప్పయిపోయిందని కాదు. ఆదివారం లోపల వెయ్యగలవా అట!

"మీరు తెచ్చింది సీసం. మీ సీసం మీకు ఇచ్చేశాను" అంది ఆవిడ. "రంగు నాది, తీసేసుకున్నాను. ఇక స్వహస్తాలంటారా, మీవి మీ దగ్గరే ఉన్నాయిగా. కానివ్వండి."

మగమహారాజు పౌరుషం కదా, కూర్చున్నాడు. శుక్రవారమంతా కూర్చున్నాడు, శనివారం క్లాసు ఎగ్గొట్టి మరీ కూర్చున్నాడు. మెడ పట్టేసింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. తెల్ల బెల్టు మూడుసార్లు పూశాడు, మూడుసార్లూ సున్నమే. ఆవిడ అటుకేసి కన్నెత్తి చూడలేదు. మంచినీళ్ళు కూడా అడిగితేనే ఇచ్చింది. శనివారం పొద్దున ఒక్కసారి నోరు విప్పాడు.

"ఈ చెవిపోగు దేంతో వేశావు?"

"ఒంటి వెంట్రుక కుంచెతో."

"అది ఎక్కడుంది?"

"మీ కుడిచేతి పక్కనే. పద్నాలుగు నెలలుగా అక్కడే ఉంది."

ఆయన తల దించుకుని పని చూసుకున్నాడు. సాయంత్రానికి ఒక్కడంటే ఒక్కడు తయారయ్యాడు. వాడి మొహం బొగ్గుల బస్తాలోంచి తీసినట్టుంది. వాణ్ణీ, మిగతా ముప్ఫై అయిదుగుర్నీ పెట్టెలో సర్దుకుని, ఆదివారం పొద్దున్నే ఒక్కడే లైబ్రరీకి వెళ్ళాడు.

ఆవిడా వెళ్ళింది, ఆడపడుచుని పక్కన పెట్టుకుని. కార్డు మీద కుటుంబ సమేతంగా అని ఉంది మరి. ఇన్నేళ్ళలో క్లబ్బువాళ్ళ మధ్యకి ఆవిడ వెళ్ళడం అదే మొదలు. క్లబ్బు కార్యదర్శి అయిన మందులషాపాయన తెర లాగాడు. బీరువాలో వరసలు వరసలుగా దాదాపు రెండువేలమంది, ఎవడి కాలరు వాడిది, ఎవడి కుచ్చు వాడిది. హాలంతా అబ్బా అంది. ఆ తర్వాత అందరి కళ్ళూ ముందు వరస మీదకొచ్చాయి. ముప్ఫై అయిదుగురు బోడి సీసం, చివర ఒక బొగ్గుమొహంవాడు. కింద ఉత్త ఇత్తడి పలక.

అప్పుడు శనివారం శిష్యుల్లో ఒకాయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఓహో, నెపోలియన్ సైన్యం చిక్కుకున్న మాస్కో మంచు! మంచులో గడ్డకట్టిపోయిన గార్డులు! రంగే లేకుండా చూపించారు! ఏం ఊహండీ జనరల్ గారూ!"

చప్పట్లే చప్పట్లు. అంతా ఆయన వైపు తిరిగారు. ఇక ఆయన చెయ్యాల్సిందల్లా తల పంకించడం. ఆ తల కొద్దిగా కదలడం కూడా మొదలైంది. ఆవిడ చూసింది. పళ్ళు బిగపట్టుకుని చూస్తూ నిలబడింది. కదిలిన తల సగంలో ఆగిపోయింది.

"కాదండీ" అన్నాడు సర్వేయరు. "మంచూ లేదు, ఊహా లేదు. వీళ్ళకి రంగులు మా ఆవిడ వేసింది. నా మీద కోపంతో మా ఆవిడే తీసేసింది. వెనకున్నవాళ్ళందరికీ కూడా ఆవిడే వేసింది, మొదటినుంచీ. ఈ బీరువాలో నేను వేసింది ఇదిగో, ఈ చివరివాడొక్కణ్ణే. మీకు క్లాసుల్లో చెప్పింది కూడా తప్పే."

జనం ముక్కున వేలేసుకున్నారు. ఆడపడుచు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్ళావిడకి మాత్రం చల్లగా ఏమీ అనిపించలేదు. నిజం చెప్పడానికి ఇంతసేపు పట్టిందా అని ఇంకోసారి మండింది, అంతే.

కార్యదర్శి తెలివైనవాడు. ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి తిన్నగా ఆవిడ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మాకు తెలీదు, క్షమించాలి. మీ చేతిలో ఇంత విద్య ఉందని ఇవాళే తెలిసింది. పలక ఎలాగూ ఖాళీగానే ఉంది, మీ పేరే చెక్కిస్తాం. కాకపోతే వచ్చే నెల చుట్టుపక్కల క్లబ్బులవాళ్ళంతా చూడ్డానికొస్తున్నారు. ముందు వరస ఇలా బోసిగా ఉంటే ఏం బాగుంటుంది చెప్పండి? మీరు కాస్త ఓపిక చేసుకుని, ఈ ముప్ఫై ఆరుగురికీ మళ్ళీ వేసిపెడతారా?"

సర్వేయరు కూడా ఆశగా చూశాడు. హాలంతా ఆవిడ వైపే చూస్తోంది. ఆ ముప్ఫై ఆరు మొహాలూ ఆవిడకి ఇంకా గుర్తున్నాయి. మళ్ళీ వెయ్యాలంటే వెయ్యగలదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"పేరు చెక్కించండి" అంది. "అది వెనకాల నిలబడ్డవాళ్ళకి వేసినందుకు. ఇకముందు వేస్తాననుకుని కాదు. ఇరవై ఆరేళ్ళు వేశాను బాబూ, వేస్తావా అని నన్నెవరూ అడగలేదు. ఇవాళ మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. వెయ్యను."